మడ్డికి మార్కులు

మూడో అంతస్తు, వెనక గది
నవంబరు 6

అక్కకు,

నలభై రెండేళ్ల కిందట ఇంజన్ల గది గుమ్మంలో నిలబడి, చేతులు తుడుచుకున్న గుడ్డ నా భుజాన వేసి, మీ ఆయన నాకో మాట ఇచ్చాడు. "ఆర్నెల్లే బామ్మర్దీ. ఈ ఆర్నెల్లూ కింద నువ్వుండు. తరవాత నేను దిగుతా, నువ్వు పైకెళ్లు. అట్లా వంతులేసుకుందాం." ఆ ఆర్నెల్లు నాకు పంతొమ్మిదేళ్లు పట్టాయి. వంతు రాలేదు. చెవులు పోయాయి.

ఇది ఎందుకు ఎత్తానంటే, పదకొండేళ్ల తరవాత నువ్వు రాసిన ఉత్తరంలో ఇదొక్కటి తప్ప అన్నీ ఉన్నాయి. నీ మోకాళ్లున్నాయి, ఇంటి కప్పు కారడం ఉంది, మీ ఆయన పోయినప్పుడు ఎవరెవరు వచ్చారో ఉంది. నేను రాలేదన్న నిష్ఠూరం ఉంది. చివరికి అసలు పని: ముప్ఫై ఒక్కేళ్ల పాత కారులో సింథటిక్ నూనె పొయ్యాలా, మామూలు నూనె పొయ్యాలా అని. ఫోను చేస్తే ఎత్తలేదని కూడా రాశావు. చెవిటివాడికి ఫోను చేసి, ఎత్తలేదని అలిగే మనిషి ఈ లోకంలో నువ్వొక్కదానివే.

నువ్వు మరిచిపోయి ఉంటావు కాబట్టి గుర్తు చేస్తాను. నూనె కంపెనీ పరీక్షశాలలో మా ఇద్దరిదీ ఒకటే ఉద్యోగం. కింద సిమెంటు గదిలో నాలుగు ఇంజన్లు వారాల తరబడి ఆగకుండా తిరిగేవి, నూనె ఎప్పుడు చస్తుందో చూడటానికి. చచ్చాక ఇంజను విప్పి, లోపల పేరుకున్న మడ్డికి మార్కులు వెయ్యాలి. అద్దంలా ఉంటే పది, బురదలా ఉంటే సున్నా. ఆ గదికి పైన, పద్నాలుగు మెట్లెక్కితే, సీసాల గది. అక్కడ గడియారం చప్పుడు వినబడుతుంది. ఆయన అక్కడ, నేను ఇక్కడ.

మార్కులు వేసే అలవాటు నాకు పోలేదు. ఈ గదిలో మంచం కన్నా పుస్తకాలు ఎక్కువ చోటు ఆక్రమించాయి, వాటికీ వేస్తాను. మనుషులకూ వేస్తాను. మీ ఆయన ధర్మరాజని మూడు పేజీలు రాశావు. చచ్చినవాడి కళ్లు చారెడు. బతికుండగానే కొలిచినవాణ్ణి, నాకు చెప్పకు.

నూనె సంగతి ఊరికే చెప్పను, చూసి చెబుతాను. ఇంజను పది నిమిషాలు తిప్పి ఆపు. నూనె కొలిచే పుల్ల బయటికి తీసి, కొసన వేలాడే చుక్కను దళసరి తెల్లకాగితం మీద పడనియ్యి. తుడవకు, ఊదకు. ఒక రోజంతా ఆరనిచ్చి కవర్లో పెట్టి పంపు. మనుషుల మాటల కన్నా ఆ చుక్క మాట నాకు నమ్మకం.

తమ్ముడు


ఇల్లు, వంటింటి బల్ల
నవంబరు 19

ఒరేయ్ తమ్ముడూ,

కవరు మీద నీ చేతిరాత చూసి గుండె ఆగినంత పనైంది. చదివాక మామూలుగానే కొట్టుకుంది. నువ్వేం మారలేదురా. కాకరకాయను ఎండబెడితే తీపెక్కుతుందా?

చుక్క పంపుతున్నాను. కాగితం నీ మేనకోడలి ఆస్పత్రిది, వెనక పళ్ల బొమ్మ ఉంటే తిట్టుకోకు. పళ్ల డాక్టరు కదా, దానికి ఒకటే తెలుసు, కదిలేదల్లా పీకెయ్యాలి. ఇప్పుడు దాని కన్ను కారు మీద పడింది. "అమ్మా, అది పొగ బండి. నువ్వూ నాన్నా ఎక్కింది చాలు, తుక్కుకి ఇచ్చేద్దాం" అంటుంది. నేను ససేమిరా అన్నాను. చివరికి ఒప్పందం ఏమిటంటే, ఫిబ్రవరిలో పొగ పరీక్షకు తీసుకెళ్లాలి. నెగ్గితే నేను పోయేదాకా ఆ బండి జోలికి రాదు. తప్పితే మర్నాడే తుక్కు లారీ వస్తుంది. చేతిలో చెయ్యేసి ఒప్పుకున్నాను. నాకింక మీ బావది మిగిలింది ఆ బండి ఒక్కటే, అది పోతే ఈ ఇంట్లో నేనెందుకున్నానో నాకే తెలీదు.

మా మెకానిక్‌ని "నమ్మకం" అంటాం. ప్రతి మాటకీ "నా మీద నమ్మకం ఉంచండమ్మా" అంటాడు, అందుకని. వాడు సింథటిక్ పొయ్యమంటాడు. "అమ్మా, ఇరవై ఏళ్ల పిల్ల గొంతులా పలుకుద్ది ఇంజను. నమ్మకం ఉంచండి." నూనె కొట్టాయన వినగానే ముక్కు విరిచాడు. "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనా? పాత ఇంజనుకి పాత నూనేనమ్మా. సింథటిక్ పోస్తే సీళ్లన్నీ కారి, షెడ్డంతా అలుకు చల్లినట్టుంటది." ఇద్దరి మధ్యా నేను నలిగాను. ఈ భూమ్మీద నూనె గురించి ఇద్దరికన్నా ఎక్కువ తెలిసినవాడు నా తోడబుట్టాడు కదా అని సిగ్గు విడిచి రాశాను.

బండి బాగానే ఉంది. ఆదివారం ఆదివారం వంతెన దాకా పోయి వస్తున్నాను. కాస్త నీలంగా పొగ వస్తుంది, అంతే.

మీ బావకు మార్కులు వెయ్యకు. ఆయన పేపరు నీ దగ్గర లేదు.

అక్క


వెనక గది
నవంబరు 30

అక్కకు,

కాగితం వెనకున్న పళ్లు బాగున్నాయి. ముందున్న చుక్క అబద్ధాల పుట్ట బద్దలు కొట్టింది.

నడిమధ్య తారులాంటి నలుపు, దాని చుట్టూ కత్తితో గీసినట్టు అంచు. అంటే మురికిని మోసే ఓపిక నూనెలో చచ్చిపోయి చాలాకాలమైంది. ఆ అంచు దాటాక మరక నక్షత్రంలా చీలికలు వేసింది. అది నీళ్లు. ఆ బయట పసుపు జిడ్డు, కాలకుండా దిగిన పెట్రోలు. వంతెన దాకా పోయివచ్చే బండి నూనెలో నీళ్లుండవు, ఇంజను వేడికి ఆవిరైపోతాయి. ఈ ఇంజను ఒళ్లు వేడెక్కి ఏడాది దాటింది. రోజూ ఉన్నచోటే కాసేపు తిరుగుతుంది, చల్లగానే ఆగిపోతుంది.

నీ బండి షెడ్డు దాటలేదు అక్కా. వంతెనా లేదు, ఆదివారమూ లేదు. తలుపులు బార్లా తెరుచుకుని, స్టీరింగు పట్టుకుని, ఎక్కడికీ పోకుండా కూర్చుంటున్నావు. డెబ్భై రెండేళ్ల మనిషి చిన్నపిల్లలా కారు ఆట ఆడుకుంటున్నదన్నమాట. ఇంకా నయం, నోటితో హారను కొట్టడం లేదు కదా? నీకు మూడు మార్కులు వేశాను. రెండు వెయ్యాలి. పెంచింది నువ్వే కదా అని ఒకటి కలిపాను.

ఇక నూనె. మీ నమ్మకమూ కొట్టాయనా చెరి సగం మూర్ఖులు, కలిపితే నిండు మూర్ఖుడు. సింథటిక్ అంటే మంత్రజలం కాదు, విషమూ కాదు. మామూలు నూనె గులకరాళ్లూ ఇసకా కలిపి పోసిన బస్తా అనుకో. సింథటిక్ అంతా ఒకే సైజు గింజలు. అందుకని చలిలో చటుక్కున పరిగెడుతుంది, వేడికి విరగదు, ఎక్కువకాలం నిలుస్తుంది. సీళ్లను అది కరిగించదు. ఎండి బీటలిచ్చిన సీలుకు మడ్డే మాట్లు వేసి ఉంచుతుంది, ఆ మాటు ఊడితే కారుతుంది, అంతే. మామూలు నూనె అయినా నీ ముసలి ఇంజనుకు చాలు, తరచుగా మార్చే ఓపిక ఉంటే. నా దగ్గర రెండూ తిరిగాయి, రెండూ విప్పి చూశాను.

కానీ నీ బండికి అసలు ప్రశ్న ఏ నూనె అన్నది కాదు. ఏది పోసినా, పొయ్యకముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. అది చెయ్యకుండా పోస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ పని ఏమిటో నమ్మకానికి తెలీదు, తెలిస్తే నీకు నూనె పేరు చెప్పే ముందు అది చెప్పేవాడు.

చెబుతాను. ఊరికే కాదు. నాకు ఒక్క నిజం కావాలి. ఆర్నెల్లు నిండిన రోజు మీ ఆయన ఎందుకు కిందికి దిగలేదు? ఆయన్ని అడిగాను, మూడుసార్లు. మొదటిసారి నవ్వాడు. రెండోసారి "పై ఆఫీసరు ఒప్పుకోలేదు" అన్నాడు. మూడోసారి ఆయన పెదాలు కదిలాయి, నాకు వినబడలేదు. ఆయన పక్కలో పడుకున్నదానివి, నీకు తెలియకుండా ఉండదు. అది రాయి, నేను ఇది రాస్తాను.

తమ్ముడు


ఇల్లు, పడమటి గది
జనవరి 8

తమ్ముడూ,

నెలపైన అయింది. నీకు జవాబు రాయకూడదనే అనుకున్నాను.

అవును, కూర్చుంటున్నాను. సాయంత్రం నాలుగింటికి పోయి, ఇంజను తిప్పి, పావుగంట కూర్చుంటున్నాను. మీ బావ చివరి రోజుల్లో అక్కడే కూర్చునేవాడు, అందుకని. ఒక ముసల్ది తన షెడ్డులో తన కారులో కూర్చుంటే, ఎక్కడో దూరాన గదిలో ఒకడు కాగితం ముక్క పట్టుకుని పకపకా నవ్వాడంటే, మార్కులు ఎవరికి వెయ్యాలిరా? చెవులు ఇంజన్ల వల్ల పోయాయని అందరికీ చెప్పుకుంటావు. నాకు తెలీదా నీ సంగతి? నీకు పుట్టినప్పటినుంచీ వినబడింది నీ గొంతు ఒక్కటే.

నీ బేరం నాకొద్దు. తోడబుట్టినదానితో నిజాలకి నూనె మారకం వేస్తావా? కిరాణా కొట్టు పెట్టుకోవాల్సింది నువ్వు. నమ్మకాన్ని పిలిచి, పాత నూనె తీయించి, సింథటిక్ పోయించాను. పది రోజులైంది. వాడన్నట్టే గొంతు మారింది, మెత్తగా పలుకుతోంది. మొన్న ఆదివారం నిజంగానే వంతెన దాకా పోయాను. నాకు నేనే నడుపుకుంటూ. నీ చుక్కలకు చెప్పు.

ఒక్కటి మాత్రం అడుగుతాను, నీ పరువు తక్కువ కాదనుకుంటే చెప్పు. మీటరు కింద చిన్న ఎర్రదీపం ఒకటి, దాని మీద నూనె కుండ బొమ్మ. బండి ఆగి ఉన్నప్పుడు రెప్పలు కొట్టినట్టు వెలిగి ఆరుతోంది. కాస్త తొక్కితే పోతోంది. సింథటిక్ పొయ్యకముందు లేదిది. నమ్మకం "పాత బల్బమ్మా, దానిదేముంది" అన్నాడు. నాకెందుకో నచ్చలేదు. అదేమిటి?

అక్క


వెనక గది
జనవరి 15

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం చదివి సిగ్గుపడ్డాను. నువ్వన్నది నిజమే, తోడబుట్టినదానితో బేరమేమిటి? ముసలితనం మనిషికి పుల్లపెరుగు స్వభావం ఇస్తుంది. మనసులో పెట్టుకోకు.

సింథటిక్ పోయించి మంచిపని చేశావు. ఇక నీ బండికి కావలసింది ఒళ్లు వంచడం. ఇన్నాళ్లూ షెడ్డులో చెమ్మ పట్టింది కదా, ఆ నీళ్లూ పెట్రోలూ ఎగిరిపోవాలంటే ఇంజను బాగా వేడెక్కాలి. వంతెన చాలదు. పెద్ద రోడ్డు ఎక్కు. గంటకు తగ్గకుండా, మధ్యలో ఆపకుండా, కాస్త జోరుగానే నడుపు. ప్రతి ఆదివారం. పొగ కూడా తగ్గుతుంది, పరీక్ష నెగ్గుతావు.

నిన్న ఒక సంగతి గుర్తొచ్చింది. నాకు నాలుగేళ్లప్పుడు నన్ను చంకనేసుకుని రోడ్డు వారన కంచె మీద నిలబెట్టేదానివి. వెనక్కి తిప్పి కళ్లు మూసేదానివి. వచ్చే లారీ ఏదో చప్పుడును బట్టి నేను చెప్పాలి. ఒక్కటీ తప్పు లేకుండా చెప్పేవాణ్ణి. "మా తమ్ముడి చెవులు పాము చెవులు" అని ఇంటింటా చెప్పుకున్నావు. నీ నడుం అప్పటినుంచే నొప్పి అన్నావు కదా, అది నా బరువే.

పుస్తకాలు చదువుతున్నాను, తింటున్నాను, నిద్రపోతున్నాను. నీ మోకాళ్లు జాగ్రత్త. స్టీరింగు ముందు కూర్చునేటప్పుడు నడుము వెనక మెత్త పెట్టుకో.

నీ తమ్ముడు


ఇల్లు
ఫిబ్రవరి 13

నా బంగారు తమ్ముడికి,

నెగ్గిందిరా! పొగ పరీక్ష నెగ్గింది! గొట్టంలో కడ్డీ పెట్టి, మీటరు చూసి, ఆ పిల్లవాడు "ఎన్నేళ్ల బండి అవ్వా ఇది?" అని రెండుసార్లు అడిగాడు. నీ మేనకోడలు పక్కనే నిలబడి పళ్లు కొరికింది. "మామయ్య చెప్పినట్టు నడిపానే" అన్నాను. "ఏ మామయ్య?" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

నీ ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాను. కంచె సంగతి నేను మరిచేపోయాను. నీకెట్లా గుర్తుందిరా?

ఆదివారం ఆదివారం పెద్ద రోడ్డు ఎక్కుతున్నాను, నువ్వు చెప్పినట్టే. వచ్చే నెల నీ దగ్గరికే వద్దామనుకుంటున్నాను, బండిలోనే. నాలుగు గంటలట. పక్క సీట్లో కూర్చోబెట్టి నిన్ను తిప్పుతాను. తిట్టుకుంటూ కూర్చో, నాకేం?

దీపం గురించి రాయడం మరిచావు. ఇప్పుడు నడుస్తున్నప్పుడు కూడా అప్పుడప్పుడు వెలుగుతోంది. తీరిగ్గా రాయి.

అక్క


ఇల్లు, షెడ్డు
మార్చి 4

తమ్ముడూ,

నువ్వు రాయలేదు. మూడు వారాలు చూశాను. ఇక రాయవని మొన్న ఆదివారం తెలిసింది.

ఇంటినుంచి నలభై నిమిషాలు పోయాక దీపం వెలిగి ఆరలేదు. కుడిపక్కన పెద్ద లారీ. ఇంజను లోపల ఎవరో సుత్తితో కొట్టినట్టు మొదలైంది, తరవాత ఒక్క కీచు అరుపు, అంతే. స్టీరింగు రాయిలా అయిపోయింది. రెండు చేతులా లాగి, బండిని రోడ్డు వారకి దొర్లించాను. లారీ డ్రైవరు దిగి వచ్చి, "ఏం ముసలమ్మా, చావాలంటే ఇంకో రోడ్డు దొరకలేదా?" అన్నాడు. నా మొహం చూసి, తిట్టడం ఆపి, నీళ్లసీసా చేతికిచ్చాడు. ఆ పరాయివాడికి ఎన్ని మార్కులో వేసి పంపు.

బండిని లాక్కెళ్లిన షెడ్డు మేస్త్రి పెద్దాయన. అడుగునున్న నూనె తొట్టి విప్పి, నన్ను వంగమన్నాడు. వంగాను. నల్లటి మడ్డి, గడ్డకట్టిన జావలా, చేతికి దొరికేంత. నూనె పీల్చే గొట్టానికి ఉన్న జల్లెడ పూర్తిగా పూడుకుపోయింది. "చూడమ్మా, కొత్త నూనె మంచిదే. ఇది కడుగుద్ది. ఏళ్ల తరబడి గోడలకి అంటుకున్న మడ్డినంతా ఊడ్చి తెచ్చి జల్లెడలో పోసింది. పొయ్యకముందు ఈ తొట్టి దింపి, జల్లెడ కడగాల. అరపూట పని. దీపం రెప్ప కొట్టిన రోజు ఆపినా బతికేది. తెలిసినవాళ్లెవరూ చెప్పలేదా?" అన్నాడు.

తెలిసినవాడు ఉన్నాడని చెప్పాను.

నీ బతుకులో నాకు రాసిన ఒక్క మంచి ఉత్తరం జనవరిది. అందులో కంచె ఉంది, లారీలున్నాయి, నడుముకు మెత్త ఉంది. దీపం లేదు. చెప్పకుండా ఉండటానికి ఎంత ప్రేమ ఒలకబోశావురా!

సరే. నీకు నిజం కావాలన్నావు కదా, ఇప్పుడు తీసుకో. ఇది నూనె కోసం కాదు. ఇంక నూనె పొయ్యడానికి ఏమీ లేదు.

ఆర్నెల్లు నిండిన రోజు పొద్దున మీ బావ కింది గదిలో వేసుకునే బూట్లు తీసి, గుమ్మంలో కూర్చుని తుడుచుకుంటున్నాడు. అప్పటికి నాకు మూడో నెల. తొమ్మిదేళ్లు ఎదురుచూశాక నిలిచిన కడుపు. నువ్వు ముందు వారమే ఇంటికి వచ్చి, మూడుసార్లు పిలిస్తే గానీ తిరిగి చూడలేదు. అది నాకు కనబడింది. ఆయన చేతుల్లోంచి బూట్లు లాక్కుని నీళ్లతొట్టిలో పడేశాను. "బిడ్డ ఏడుపు వినబడని తండ్రి నాకొద్దు" అన్నాను. "మాటిచ్చానే వాడికి" అన్నాడు. "వాడికి పెళ్లా, పెళ్లామా? వాడికి వినాల్సింది ఎవరి మాట?" అన్నాను.

ఈ మాట నేనే అన్నాను. నిన్ను చంకనేసుకుని తిరిగినదాన్నే అన్నాను. ఆయన తడిసిన బూట్లకేసి చాలాసేపు చూసి, చెప్పులేసుకుని పైగదికే పోయాడు. మళ్లీ ఆ ఊసెత్తితే మా అమ్మగారింటికి పోతానన్నాను. ఏటేటా ఎత్తాడు. ఏటేటా అదే అన్నాను.

ఇంకొకటుంది. ముందటేడాది అక్టోబరులో డాక్టరు ఆయనకి ఎన్నాళ్లో తేల్చి చెప్పాడు. ఆ మర్నాటినుంచి సాయంత్రం నాలుగింటికి షెడ్డులోకి పోయేవాడు. బోనెట్ ఎత్తి, ఇంజను తిప్పి, స్టూలు వేసుకుని, చెవి దాని దగ్గర పెట్టి కూర్చునేవాడు. "ఆ పొగ పీల్చకు, లోపలికి రా" అని నేను మొత్తుకునేదాన్ని. "తలుపు తెరిచే ఉందిగా. వాడికి నాలుగు తిరిగేవి, తలుపు మూసి. నాది ఒకటే" అనేవాడు. పోయేదాకా ఒక్క రోజు మానలేదు. ఆరు నెలల నాలుగు రోజులు. నీకు మాటిచ్చిన ఆర్నెల్ల వంతు ఆయన అక్కడ చేశాడు. నువ్వు పకపకా నవ్విన ఆ చల్లటి ఇంజనూ, ఆ నీళ్లూ, ఆ మడ్డీ, అదే. నేను ఆ తరవాత కొనసాగించాను, అంతే.

నీకు ఉత్తరం రాయమన్నాను ఆయన్ని. "ఏం రాయను? వినబడిందని రాయనా?" అన్నాడు.

ఆయన్ని వదిలెయ్యరా. నిందించాలంటే నన్ను నిందించు. నేను ఉన్నాను, బతికే ఉన్నాను, చేతికి అందుతాను.

రేపు తుక్కు లారీ వస్తుంది. ఆఖరి చుక్క పంపుతున్నాను. ఈసారి వెనక పళ్ల బొమ్మ లేదు.

అక్క


వెనక గది
మార్చి 12

అక్కకు,

చుక్క అందింది. కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకున్నాను. నలుపులో సన్నటి మెరుపులు, వెండి పొడి చల్లినట్టు. అవి ఇంజను ఎముకలు, అరిగి రాలినవి. పంతొమ్మిదేళ్లలో ఇంత అందమైన చావు మరక నేను చూడలేదు.

నాకు తెలుసు. నువ్వు అడగలేదు, కానీ చెబుతున్నాను. ఈ కవరులో ఇంకో కాగితం ఉంటుంది చూడు, దాని మీద తేదీ నవంబరు 30. "తొట్టి దింపించు, జల్లెడ కడిగించు, మొదట మామూలు నూనె పోసి పది రోజులకే తీసెయ్యి, మళ్లీ పోసి మళ్లీ తీసెయ్యి, ఆ తరవాత నీ ఇష్టం. దీపం వెలిగితే ఆ క్షణమే ఇంజను ఆపు." అన్నీ రాశాను. ఉత్తరంతో పాటే రాశాను. మడిచి సొరుగులో పెట్టాను. నీ జవాబు వచ్చాక పంపుదామనుకున్నాను. దీపం గురించి నువ్వు రాసిన రోజు సొరుగు తెరిచాను, మళ్లీ మూశాను. ఆయన బండి అరుచుకుంటూ చావాలనుకున్నాను, నాకు వినబడకపోయినా ఆయనకి వినబడాలని. అందులో నువ్వుంటావన్న సంగతి నాకు తట్టలేదు. అబద్ధం. తట్టింది. లారీ తట్టలేదు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కాను, కడుక్కోను. క్షమించమని అడగడం లేదు.

"వాడికి వినాల్సింది ఎవరి మాట?" అన్నావు. దానికి జవాబుంది. మీ ఇంటికి వచ్చినప్పుడల్లా గుమ్మంలో కాలు పెట్టకముందే లోపలినుంచి, "ఒరేయ్, కాళ్లు తుడుచుకుని తగలడు" అని అరిచేదానివి. ఏ సంవత్సరంలో అది వినబడటం మానేసిందో నా దగ్గర రాసి ఉంది. దానికోసం ఎవరూ బూట్లు తడపలేదు.

ఇక నీ ఒప్పుకోలు. దాన్ని నేను తీసుకోను. చిన్నప్పటినుంచీ ఇంట్లో పెద్ద వాటా నీదే. పెళ్లయ్యాక ఉన్నదంతా ఆయనకే పెట్టావు. ఇప్పుడు నింద కూడా నీకే కావాలా? నిందించగానే నువ్వు ఏడుస్తావు, ఏడవగానే నేను కరగాలి, కరిగాక పక్క సీట్లో కూర్చోవాలి. అంత సులువుగా పోనివ్వను. నలభై రెండేళ్లు ఒకే మనిషిని నిందిస్తూ బతికాను. ఈ వయసులో కొత్త మనిషిని నిందించడం నేర్చుకోలేను.

షెడ్డులో ఆరునెలలు కూర్చున్నాడన్నావు. కూర్చోనీ. తలుపు తీసి, ఒక ఇంజను ముందు, పక్కన నువ్వు నీళ్లగ్లాసుతో నిలబడి ఉండగా. దానికి నేను మార్కులు వెయ్యను. అది నాకిచ్చిన మాట, షెడ్డుకిచ్చింది కాదు.

బూట్లు తడిశాయన్నావు. తడిసిన బూట్లతో మెట్లు దిగొచ్చు. చెప్పులతో దిగొచ్చు. ఉత్త కాళ్లతో దిగొచ్చు. పద్నాలుగే మెట్లు. నువ్వు ఒక్క మాట అన్నావు, ఆయన దాన్ని రెండు మంచి చెవులతో విన్నాడు, పైనే ఉండిపోయాడు. నువ్వన్నావు సరే, విన్నదెవరు?

ఇప్పటికీ నేను నిందించేది ఆయన్నే. నీ మొగుణ్ణి. మా బావని.

తమ్ముడు